తల ఊపినందుకు

ఫిబ్రవరి 3

రేడియో నా పేరు పంపించేశాడు. ఒక్కమాట అడగలేదు.

పనిలో కొత్త ఆలోచన చేసిన సిబ్బందికి యూనివర్సిటీ ఈ ఏడాది నుంచి అవార్డు ఇస్తుందని నోటీసు బోర్డులో కాగితం అంటించారు. దాని ముందు నిలబడి చదివినవాళ్ళను నేను చూడలేదు. వీడు చదవడమే కాదు, సర్టిఫికెట్ల కౌంటర్లో నేను పెట్టిన కార్డుల పద్ధతి గురించి రాసి, సూపరింటెండెంట్ సంతకం పెట్టించి, పైకి పంపి, ఆ తర్వాత తీరిగ్గా నాకు చెప్పాడు.

"ముందే చెబితే వద్దంటారని చెప్పలేదక్కా" అన్నాడు, హాలంతా వినేలా.

వాడికి మెల్లగా మాట్లాడడం రాదు. పక్క సీట్లోకి వచ్చిన కొన్నాళ్ళకు రేడియో అని పేరు పెట్టింది నేనే. ఆఫీసంతా దాన్ని ఖాయం చేసింది. సూపరింటెండెంట్ విసుక్కుంటాడు గానీ నాకు ఆ గొంతు ఇష్టం. ఈ ఆఫీసులో మాటను మాటలా పలికేది వాడొక్కడే. మిగతావాళ్ళంతా నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడతారు.

అవార్డు నాకు అక్కర్లేదు.

ఫిబ్రవరి 4

అక్కర్లేదని రాసి నిన్నటి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 7

కమిటీకి అరపేజీ రాసివ్వాలట. ఈ ఆలోచన మీకెలా వచ్చింది అని మొదటి ప్రశ్న.

ఇదివరకు ఎలా ఉండేదో రాశాను. నాకూ పిల్లలకూ మధ్య ఒక గాజు పలక, దాని అడుగున చెయ్యి పట్టేంత కంత. వాళ్ళు నడుం వంచి ఆ కంతలో మూతి పెట్టి మాట్లాడాలి. నేను ఇవతల నడుం వంచి వినాలి. వెనక నుంచి ఇంకో నలుగురు అదే కంతలోకి అరుస్తారు. ఎవరికేం కావాలో తేలేసరికి సగం పూట గడిచిపోయేది. క్యూ మెట్ల దాకా పాకేది.

ఇప్పుడు గోడకు చెక్క అర ఉంది, అందులో కార్డులు. మార్కుల మెమో కావాలంటే పసుపు, టీసీ కావాలంటే నీలం, పేరులోనో పుట్టిన తేదీలోనో తప్పు దిద్దాలంటే గులాబీ. ఏమేం తేవాలో కార్డు వెనకే అచ్చు వేసి ఉంటుంది. కార్డూ, హాల్ టికెట్ నంబరు రాసిన చీటీ కంతలోంచి తోస్తారు. ఎప్పుడు రావాలో ముద్ర వేసి చీటీ వెనక్కి తోస్తాను. అంతే. మాట అవసరం లేదు. తోపులాట పోయింది. అరవడానికి మనిషి దొరక్క అటెండరు స్టూలు మీద కునికిపాట్లు పడుతున్నాడు. "కౌంటర్ కాదు మేడమ్ ఇది, జోలపాట" అని వాడి ఫిర్యాదు. ఆ మాట వాడు చీటీ మీద రాస్తే చదివి నవ్వాను.

ఆలోచన ఎలా వచ్చింది అన్నచోట, విద్యార్థుల సౌకర్యం కోసం అని రాశాను. కొట్టేశాను. మళ్ళీ అదే రాశాను.

విద్యార్థుల సౌకర్యం కోసమే. ఇంకెవరి కోసం?

ఫిబ్రవరి 9

ఆదివారం. ఆడపడుచూ వాళ్ళాయనా వచ్చారు. ఇల్లు చిన్నది, అందరూ ఒక్కసారే మాట్లాడతారు. మా ఆయనైతే మరీను. స్కూల్లో డ్రాయింగ్ పాఠాలు చెప్పీ చెప్పీ అలవాటేమో, వీపు ఇటు పెట్టి గోడతో మాట్లాడతారు. వంటగదిలో కుళాయి తిప్పి, గిన్నె కడుగుతూ, నన్నేదో అడుగుతారు. నేను పలకకపోతే మొహం ముడుచుకుంటారు. మనిషి ముందుకొచ్చి మాట్లాడితే అరిగిపోతారా?

భోజనాల దగ్గర ఏదో జోకు. అందరూ విరగబడి నవ్వారు. అత్తయ్య అందరి మొహాలూ చూసి "ఏమిట్రా?" అంది. ఆవిడ చెవి మిషన్ పెట్టుకోదు, అది బల్ల సొరుగులోనే ఉంటుంది. "ఏం లేదులే అమ్మా" అన్నారు ఈయన. ఆవిడ కిటికీ వైపు తిరిగి అన్నం తినేసింది.

నేను అందరితోపాటు నవ్వాను. ఆడపడుచు నన్ను చూసి ఇంకా ఎక్కువ నవ్వింది. వాళ్ళు వెళ్ళాక దేనికి నవ్వారని ఈయన్ని అడిగాను.

"ఏం లేదులే" అన్నారు.

ఫిబ్రవరి 10

తలనొప్పి. పని ఎక్కువేం లేదు. రోజంతా మనుషుల మూతుల వంక చూస్తే ఎవరికైనా వస్తుంది.

ఫిబ్రవరి 12

వరండాలో సూపరింటెండెంట్ నడుస్తూ నడుస్తూ ఏదో చెప్పాడు. తల ఊపాను. తల ఊపితే మనుషులు తృప్తిగా వెళ్ళిపోతారు, ఇది నా అనుభవం. మధ్యాహ్నం వచ్చి "ఫైలేదీ?" అని మీద పడ్డాడు. ఏ ఫైలో నాకేం తెలుసు? రేడియో లేచి "నా దగ్గరుంది సార్, అక్క ఇందాకే ఇచ్చింది" అని తెచ్చిచ్చాడు. నేనివ్వలేదు.

సూపరింటెండెంట్ వెళ్తూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు అన్నాడు. అటెండర్ని చూసే అన్నాడు. అటెండర్నే.

ఫిబ్రవరి 15

అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు సొరుగు తీసి ఆవిడ మిషన్ చెవిలో పెట్టుకుని చూశాను. ఊరికే, ఎలా ఉంటుందోనని.

కుళాయి కారుతోంది. నా చెప్పులు నేల మీద రాసుకుంటున్నాయి. కిటికీ బయట ఏదో పిట్ట ఆపకుండా అరుస్తోంది. పక్కింటివాళ్ళు పోట్లాడుకుంటున్నారు, ప్రతి మాటా తెలుస్తోంది, పాపం తప్పు ఆవిడదే. గడియారం కూడా చప్పుడు చేస్తోంది. అది చప్పుడు చేసే గడియారమని మర్చిపోయాను.

మిషన్ పాడైనట్టుంది. అన్నీ మరీ ఎక్కువగా వినిపిస్తున్నాయి. తీసి సొరుగులో పెట్టేశాను.

ఫిబ్రవరి 16

పాడవలేదు.

ఫిబ్రవరి 19

ఇంటర్వ్యూకి పిలిచారు. కమిటీ డీన్‌గారితో కలిపి ఐదుగురట. ప్రశ్నలడుగుతారట.

వెళ్ళకూడదు. ఒంట్లో బాగాలేదని చెప్పేస్తే సరిపోతుంది. మా పాత టైపిస్టుగారికి చూపు మందగించిందని తెలిసిన వారంలోనే ఆవిణ్ణి కింద అంతస్తులో పాత రికార్డుల గదికి పంపేశారు. ఎవరూ తిట్టలేదు. ఎంతో మర్యాదగా, కుర్చీ కూడా మోయించి పంపారు. పదవీ విరమణ రోజు ఆవిడ పైకొచ్చి అందరికీ నమస్కారం పెట్టేదాకా ఆవిడ ఇంకా ఉద్యోగంలో ఉందని సగం మందికి గుర్తులేదు. నా సంగతి తెలిస్తే నా కుర్చీ కూడా మోస్తారు. ఆ గదిలో కిటికీ లేదు. కౌంటర్ దగ్గర రోజుకు ఇన్ని మొహాలు చూసి బతికిన మనిషిని, అక్కడ కూర్చోలేను.

నా సంగతి అని రాశాను. ఏ సంగతో రాయడానికి చెయ్యి రావడం లేదు.

వెళ్ళకూడదు. కానీ ఈ ఆఫీసులో ఇన్నేళ్ళకి నా పని గురించి ఒకరు నాలుగు మంచి ముక్కలు రాశారు. అవార్డు కావాలి నాకు. సిగ్గులేకుండా కావాలి.

ఫిబ్రవరి 21

ఏమడుగుతారో రేడియోని కనుక్కోమన్నాను. డీన్‌గారి గుమాస్తా దగ్గర తెలుసుకొచ్చాడు. ఆలోచన ఎలా వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏం లాభం, వేరే ఆఫీసుల్లో పనికొస్తుందా. ఇదే వరస. నాలుగు జవాబులూ బట్టీ పట్టాను. పదో తరగతి తర్వాత మళ్ళీ ఇదే.

ఫిబ్రవరి 24

అయిపోయింది.

పొడుగాటి బల్ల, నెత్తిమీద గర్రుమనే ఏసీ. ఒకాయన మీసం పెదవుల్ని పూర్తిగా కప్పేసింది, అందులోంచి ఏ మాటా కనబడదు. డీన్‌గారు పెన్ను మూతికి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. మిగతావాళ్ళు కాగితాల్లోకి చూస్తూ అడుగుతారు. ఐదుగురిలో ఒక్క మూతి నాకు దక్కలేదు.

మీసాలాయన ఏదో అడిగాడు. మొదటి జవాబు చెప్పాను. ఆయన మొహం కాస్త అయోమయంగా పెట్టి మళ్ళీ నోరు తెరవబోయాడు, ఇంతలో టీ వచ్చింది. ఆ పక్కనామె అడిగింది. రెండోది చెప్పాను. వాళ్ళు అడిగిన వరస అది కాదని నాకు తెలిసిపోతూనే ఉంది. లాభం గురించి అడిగినవాళ్ళకు ఖర్చు చెప్పినట్టున్నాను. ఒకాయన బిస్కెట్ టీలో ముంచుతూ చాలా బాగుంది అన్నట్టు చెయ్యి ఆడించాడు. అందరూ ఏదో రాసుకున్నారు. నేను వాళ్ళ ప్రశ్నలు వినలేదు, వాళ్ళు నా జవాబులు వినలేదు. ఇంత సమానత్వం ఆ గదిలో ఇదివరకెప్పుడూ ఉండి ఉండదు.

చివర డీన్‌గారు నవ్వుతూ పొడుగ్గా ఏదో అడిగి, కనుబొమలు పైకెత్తి ఆగారు. ఐదుగురూ నా వైపే చూశారు. నా దగ్గర జవాబులు అయిపోయాయి.

తల ఊపాను.

అందరి మొహాలూ వెలిగిపోయాయి. మీసాలాయన చప్పట్లు కూడా కొట్టాడు.

ఫిబ్రవరి 25

దేనికి ఊపాను?

ఫిబ్రవరి 27

దేనికి ఊపానో ఎవర్నడగను? ఏమడిగారండీ అంటే, మరి తల ఎందుకూపారండీ అంటారు.

మార్చి 3

వచ్చింది. మొదటి బహుమతి. రేడియో టేబుల్ మీద చరిచి మరీ ప్రకటించాడు. అటెండర్ కూడా లేచి నిలబడ్డాడు. ఒక పావుగంట, పావుగంటే, ఒంట్లో అలసటంతా ఎటో పోయింది.

తర్వాత రెండో కాగితం ఇచ్చారు. ఇంటర్వ్యూలో మీరు సంతోషంగా తెలిపిన అంగీకారం మేరకు, వచ్చే నెల నుంచి మిమ్మల్ని కౌంటర్ బాధ్యత నుంచి తప్పించి శిక్షణ విభాగానికి మారుస్తున్నాము. అన్ని కాలేజీల కౌంటర్లకూ వెళ్ళి ఉపన్యాసాలివ్వాలి, సందేహాలు తీర్చాలి. మిగతా వేళల్లో ఫోన్ దగ్గర కూర్చుని, ఎవరు చేసినా జవాబు చెప్పాలి.

ఫోన్!

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు ఊపాను కదా తల. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. దాక్కోవడానికి కట్టుకున్న గోడకే బహుమతి ఇచ్చి, గోడ పడగొట్టి నన్ను బజార్లో నిలబెడుతున్నారు.

మార్చి 4

సెలవు పెట్టాను. పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

మార్చి 5

క్యాంటీన్ వెనక, సైకిళ్ళు పెట్టేచోట, రేడియోని పట్టుకుని దులిపేశాను. "నిన్నెవడు పంపమన్నాడు? నా మానాన నేనుంటే నీకేం నొప్పి? ఆ ఫోన్ దగ్గర నేనేం చెయ్యాలి?"

 వాడు నా మొహంలోకి చూసి చెప్పాడు.

"అక్కా, మీకు వినపడదని నాకు తెలుసు."

పక్కనున్న సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాను.

"ఎప్పట్నుంచో తెలుసు. నేను పుట్టుకతోనే ఇలా అరుస్తాననుకున్నారా? కాలేజీలో నన్ను మూగమొద్దు అనేవాళ్ళు. ఇక్కడికొచ్చాక మీకు మామూలుగా చెబితే రెండోసారి అడిగేవారు, మూడోసారికి సిగ్గుపడి తల ఊపేసేవారు. గట్టిగా చెబితే అందేది. సరే, మీ ఒక్కరితోనే గట్టిగా మాట్లాడితే అందరికీ తెలిసిపోతుంది కదా, అందుకని అందరితోనూ అలాగే మొదలెట్టాను. ఇప్పుడు ఇంట్లో మా ఆవిడ కూడా తిడుతోంది, మేమేమన్నా చెవిటివాళ్ళమా అని. నోరు జారానక్కా, తప్పుగా అనుకోకండి."

నేనే పెట్టాను వాడికి రేడియో అని పేరు. ఆఫీసంతా నవ్వింది వాణ్ణి చూసి. వాడు ఒక్కరోజు కూడా కాదనలేదు.

"అయితే నీ అసలు గొంతేది?" అన్నాను.

వాడి పెదవులు కదిలాయి. నవ్వుతూ ఏదో చెప్పాడు. నాకు ఒక్క ముక్క అందలేదు. ఏడుపొచ్చింది. సైకిళ్ళ మధ్య నిలబడి ఏడ్చాను.

"మరి తెలిసి తెలిసి ఎందుకు పంపావురా?" అన్నాను.

"బాగుంది కాబట్టి పంపాను. ఎందుకు పెట్టారో నాకు అనవసరం. క్యూ తగ్గింది, కొట్లాటలు తగ్గాయి. ఇంత మంచి పని ఈ బిల్డింగులో ఇంకెవరు చేశారు?" వాడి గొంతు మళ్ళీ మామూలైంది, అంటే హాలంతా వినపడేలా అయింది. "వెళ్ళి చెప్పెయ్యండక్కా. నా గొంతు కూడా అరిగిపోతోంది."

మార్చి 6

చెప్పేశాను.

రిజిస్ట్రార్‌గారు ఫైళ్ళ మీద సంతకాలు చేస్తున్నారు. "సార్, నేను శిక్షణ విభాగానికి వెళ్ళలేను. నాకు సరిగ్గా వినపడదు" అన్నాను. ఎన్నేళ్ళుగా మింగిన మాటో. బయటికొచ్చాక చూస్తే చాలా చిన్నది.

ఆయన తలెత్తి, కుర్చీలోంచి సగం లేచి, గొంతు చించుకుని అరిచారు. "మీకు! వినపడదా!"

శుభ్రంగా వినపడింది. తలుపు తీసే ఉంది. వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగిపోయారు. అకౌంట్స్ గదిలోంచి ఇద్దరు తొంగి చూశారు. నేను ఇంతకాలం కళ్ళలో వత్తులేసుకుని కాపాడుకున్న గుట్టును ఆయన ఒక్క కేకతో బిల్డింగంతా పంచిపెట్టారు. పాపం, ఆయన ఉద్దేశం మంచిదే. నాకు వినపడాలని అరిచారు.

ఆ తర్వాత జాలి మొదలైంది. అదీ అరుస్తూనే. "ఎంత ధైర్యం అమ్మా మీది! ఇంత లోపం పెట్టుకుని! అవార్డు పేరు మార్పిద్దాం. వైకల్యాన్ని జయించిన ఉద్యోగి అని విడిగా ఒకటి పెడదాం. పేపర్లో కూడా వేస్తారు. మొదటి బహుమతి ఆ పార్కింగ్ పద్ధతి పెట్టినతనికి ఇచ్చేద్దాం."

నిన్నటిదాకా నాది కొత్త ఆలోచన. ఒక్క మాట చెప్పగానే అది నా దురదృష్టం అయిపోయింది. నాకు కోపం వచ్చింది. చాలా రోజులకు వచ్చింది, హాయిగా ఉంది.

"నేను దేన్నీ జయించలేదు సార్. వినపడలేదు, కార్డులు పెట్టాను. కార్డులు బాగుంటే కార్డులకివ్వండి. బాగాలేకపోతే మానెయ్యండి. జాలికైతే నాకొద్దు."

ఆయన పెన్ను మూత పెట్టారు, తీశారు. "మరి శిక్షణ?"

"వాళ్ళనే నా కౌంటర్‌కి పంపండి. ఒక పూట పక్కన కూర్చుంటే వచ్చేస్తుంది. మాట అవసరం లేకుండా చెయ్యడమే కదా సార్ ఆ పద్ధతి. దానికి ఉపన్యాసమెందుకు?"

"ఆలోచిద్దాం" అన్నారు. ఈసారి అరవలేదు. పెదవుల మీద చదువుకున్నాను.

పాత రికార్డుల గదికి తాళం వేసే ఉందా, నాకోసం తెరిచారా అని కిందికి దిగుతూ చూశాను.

మార్చి 7

ఈయన్ని కుళాయి కట్టెయ్యమన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను.

ఈయన చెయ్యి తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "నా మీద కోపమనుకున్నాను" అన్నారు. "పిలిస్తే పలకవు, అడిగితే చెప్పవు. ఏం తప్పు చేశానా అని ఇన్నాళ్ళూ లెక్కలేసుకుంటున్నాను."

ఇద్దరం ఒకే ఇంట్లో, ఆయన తప్పులు వెతుక్కుంటూ, నేను మూతులు వెతుక్కుంటూ.

అత్తయ్య "ఏమిటి, ఏమైంది?" అంది. ఈయన ఏం లేదులే అనడానికి నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకున్నారు. నేనే వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాను. "నాకూ వినపడట్లేదత్తయ్యా." రెండోసారికి అర్థమైంది ఆవిడకి. "నీకూనా!" అని బోసినోరు తెరిచి నవ్వింది. "నా మిషన్ తీసుకో అమ్మాయ్. దాన్ని పెట్టుకుంటే వీళ్ళ మాటలన్నీ వినాల్సొస్తోంది."

రేపు శనివారం చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, ముగ్గురం.

మార్చి 10

కబురు లేదు. ఆఫీసులో అందరూ నా దగ్గరికొచ్చి అరుస్తున్నారు. సూపరింటెండెంట్ మరీ ఘోరం, అక్షరం అక్షరం విడగొట్టి పసిపిల్లకు చెప్పినట్టు చెబుతున్నాడు. రేడియో మాత్రం ఇవాళ అకౌంట్స్‌వాళ్ళతో మామూలు గొంతుతో మాట్లాడాడట. వీడికేమైంది, జ్వరమా అని అడిగారట వాళ్ళు.

మార్చి 13

కాగితం వచ్చింది. శిక్షణ ఉత్తర్వు రద్దు. వేరే కౌంటర్ల వాళ్ళు విడతలవారీగా నా దగ్గరికొచ్చి చూసి వెళ్తారు. నన్ను కౌంటర్లో కొనసాగించడం గురించి ఆరునెలల తర్వాత మళ్ళీ చూస్తారట. అవార్డు అదే, మొదటి బహుమతి, పేరు మార్చలేదు.

ఆరునెలల తర్వాత సంగతి ఆరునెలల తర్వాత. ఇప్పుడంత ఓపిక లేదు.

మార్చి 18

ఇవాళ ఇచ్చారు.

పెద్ద హాలు, పెద్ద స్పీకర్లు, అంతా ఒకటే హోరు. కొత్త మిషన్ ఇంకా తయారై రాలేదు. నా గురించి ఏం చదివారో తెలియదు. నా వంతు వచ్చినప్పుడు రేడియో ముందు వరసలోంచి చెయ్యెత్తి చూపించాడు, లేచి వెళ్ళాను. ఈయనా అత్తయ్యా మూడో వరసలో కూర్చున్నారు.

వైస్ ఛాన్సలర్‌గారు షీల్డు నా చేతుల్లో పెట్టి, ముందుకు వంగి, నవ్వుతూ ఏదో అన్నారు. హాలంతా మా వైపే చూస్తోంది. నా మెడ దానంతటదే ఊగబోయింది. పట్టి ఆపాను.

"వినపడలేదండీ. మళ్ళీ చెప్పండి" అన్నాను. మైకు అక్కడే ఉందట, ఆ మాట హాలంతటికీ వెళ్ళిందట.

ఆయన మళ్ళీ చెప్పారు. అందలేదు.

"ఇంకొక్కసారి."

ఈసారి ఆయన కాస్త వెనక్కి జరిగి, నా మొహంలోకి చూస్తూ, తీరిగ్గా పలికారు.

ఆయన అంటున్నది "ఫొటో తీస్తున్నారు, అటు చూడండి" అని.

చూశాను.